రోలు దగ్గర నీటిమట్టం

ఆశ్వయుజ పౌర్ణమి

ఈ కొండల వాళ్ళ నెలలు వేరు, రోజుల పేర్లు వేరు. పోటూ పాటూ తెలియని రోజు నాకు రోజులాగే ఉండదు. అందుకే సముద్రం మొహం చూడని చోట కూర్చుని కూడా తిథులే రాసుకుంటున్నాను. ఇవాళ మా ఊళ్ళో నిండు పోటు.

పొద్దున పిడకలతో పొయ్యి రాజేసి, ఉప్పు వేసిన పాలటీ కాచుకున్నాను. నాలుగేళ్ళుగా తాగుతున్నా మొదటి గుక్కకి మొహం వంకర తిరగడం మానలేదు. తర్వాత తాడు భుజాన వేసుకుని మంచు దగ్గరికి బయల్దేరాను. పక్కింటి సైరా ఎజె అప్పటికే ముందు నడుస్తోంది. ఎజె అంటే వీళ్ళ భాషలో అక్క. గొర్రెలు మేపుకునే ఆవిడకి మంచు అంచుతో పనేమీ లేదు. నేను వచ్చిన మొదటి చలికాలంలో ఒకసారి నడుం దాకా కూరుకుపోయాను. అప్పటి నుంచి రోజూ నాకంటే ముందు వెళ్ళి తన బూట్లతో మంచు తొక్కి దారి చేస్తుంది. వద్దులే అంటే వినపడనట్టు నటిస్తుంది.

ఇక్కడ కొలిచే పద్ధతి మొదట్లో నాకు వింతగా ఉండేది. మంచు వెనక్కి పోయినప్పుడల్లా కొయ్యని పీకి కొత్త అంచు దగ్గర నాటుతారు. కదలనిది కింద ఎర్రరంగు పూసిన రాయి. ఆ రాయి నుంచి కొయ్య దాకా తాడు పట్టి కొలవాలి. ఇవాళ తాడు చాలలేదు. నా కొంగు కలిపి ముడేశాను.

ఇది ఐజాన్ ఇల్లు. ఐజాన్ మా ఇంట్లో ఉంటుంది. మేమిద్దరం ఎప్పుడూ ఎదురుపడలేదు. బొగ్గూ నూనే మండించడం మానేద్దామన్న పొగ ఒప్పందంలో చేరిన దేశాలు ఒకరి కొలతని ఒకరు నమ్మవు. యంత్రాలు ఎవరికి కావలసిన అంకె వాళ్ళకి చెప్పడం నేర్చుకున్నాక, మనిషి కంటితో చూసి నోటితో చెప్పిందే చెల్లుతుందని తీర్మానించారు. అదీ సొంత దేశంలో కాదు, పరాయి దేశంలో. కృష్ణ సముద్రంలో కలిసే చోట, మడలంకలో పుట్టిన ఈ నాంచారి మంచు కొలవాలట. మంచులో పుట్టిన ఐజాన్ మడలంకలో సముద్రం కొలవాలట. సాక్షిగా ఎవరెళ్ళాలని చీటీలు తీస్తే నా పేరొచ్చింది. పదేళ్ళ గడువు. విమానాలు ఒప్పందంతోనే ఆగిపోయాయి కాబట్టి మధ్యలో వెళ్ళి రావడమన్న మాటే లేదు.

సాయంత్రం మా ఇద్దరినీ కలిపే లైను తెరుచుకోగానే ఐజాన్ గొంతు. నాలుగేళ్ళలో అచ్చం మా లంక మనిషైపోయింది. మా ఆయన మోపిదేవిని అన్నయ్యా అంటుంది కాబట్టి నేను వదినని.

"వదినా, మీ సముద్రం ఎప్పట్లాగే ఉంది. నాలుగు జానలు. మా మంచు ఎట్టా ఉంది?"

చెప్పాను. "మధ్యాన్నం పూట ఇంకా చప్పుడు చేస్తందా?" అని అడిగింది. మంచు పగిలే చప్పుడు ఆమెకి జోలపాటట. చేస్తోందన్నాను.

"ఇంకో సంగతి. మీ దేశం ఒప్పందంలోంచి బయటికొచ్చేద్దామా అని సభలో మాట్లాడతారంట. బయటికొస్తే మనిద్దరం ఎవరింటికి వాళ్ళం పోవచ్చు."

తర్వాత ఏం మాట్లాడానో గుర్తులేదు. మంచు కరగడం మొదలవగానే బయల్దేరితే గుర్రం, రైలు, ఓడ. వానలు పడేలోపు మా రేవులో దిగుతాను. రాత్రి అన్నం సయించలేదు. అన్నమంటే ఇక్కడ రొట్టే అనుకోండి.


ఆశ్వయుజ బహుళ షష్ఠి

సభ చర్చ రేడియోలో వస్తోంది. సైరా ఎజె ఉన్ని వడుకుతూ నా పక్కన కూర్చుంది. భాష తెలియకపోయినా ఎవరు అరుస్తున్నారో, ఎవరు ఏడుస్తున్నారో చెప్పేస్తోంది.

బయటికొద్దామనే పక్షానికి మార్తాండరావు గారు పెద్ద. "మన పిల్లలు ఫ్యాను లేక ఉడికిపోతున్నారు. మన ఇటుక బట్టీలు ఆరిపోయాయి. ఎవరి కొండ మీద మంచు కోసమో మన పొయ్యి ఎందుకు ఆర్పుకోవాలి?" అన్నారు. ఉందామనే పక్షంలో ఒకావిడ లేచి, ఆ మంచు కరిగితే నీళ్ళు ఎవరి మీదికొస్తాయని అడిగింది. ఆవిడకి చప్పట్లు తక్కువ పడ్డాయి.

నిజం చెప్పాలంటే మార్తాండరావు గారి మాటలే నాకు తీపిగా ఉన్నాయి. ఆయన ఎందుకు బయటికి తీసుకెళ్తే నాకేం, నన్ను ఇంటికి తీసుకెళ్తే చాలు.

సాక్షుల గొంతు తప్ప లైనులో వేరే గొంతు వినపడకూడదని నియమం. మా ఊరికి నియమాలంటే చెవుడు. ఐజాన్ వెనక నుంచి మోపిదేవి అరిచాడు.

"నాంచారీ! పడవలకి మళ్ళీ ఇంజన్లొస్తయ్యంటే! తెడ్డేసి తెడ్డేసి భుజాలు పడిపోయినయ్యి. ఊరంతా బయటికే అంటంది. నువ్వొస్తన్నావ్, అంతే!"

"అంకాలేం చేస్తంది మావా?"

"కోళ్ళెనకాల పడింది. పిలిత్తే రాదు. నీ పోలికే."

అంకాలు మా కూతురు. నేను బయల్దేరేటప్పుడు రేవులో నా తొడ పట్టుకుని వేలాడింది. ఆ ఎత్తే నా కళ్ళలో ఉండిపోయింది. ఎనిమిదేళ్ళ పిల్లని తలుచుకుందామన్నా నాలుగేళ్ళదే వచ్చి నిలబడుతుంది.

ఇంటికెళ్ళగానే ఏం చెయ్యాలో రోజూ ఒకటే అనుకుంటాను. వాకిట్లో రుబ్బురోలు పక్కన పీట వేసుకుని కూర్చోవాలి. మినప్పప్పు పోసి పొత్రం తిప్పాలి. రాయన్నది పుట్టని లంకలో ఆ రోలొక్కటే రాయి. మా అత్త పెళ్ళికి బెజవాడ నుంచి పడవలో వచ్చిందట. అక్కడ కూర్చుంటే దడి అవతల నుంచి గాలొచ్చి మెడ మీద చెమట ఆర్పేస్తుంది. ఈ నాలుగేళ్ళలో నాకు చెమట పట్టింది లేదు. ఆ చెమట కోసం కూడా బెంగగా ఉంది.


ఆశ్వయుజ అమావాస్య

ఇవాళ సభలో మా ఊరి పేరు వినపడింది. ఎగిరి గంతేసినంత పని చేశాను.

"మడలంకలో పరాయి దేశపు సాక్షి, మనకి చుట్టం కాదు పక్కం కాదు, నాలుగేళ్ళుగా కొలుస్తోంది" అన్నారు మార్తాండరావు గారు. "సముద్రం వెంట్రుకవాసి కూడా కదలలేదు. వచ్చేస్తోంది, మింగేస్తోంది అని మనల్ని భయపెట్టినవాళ్ళు ఇప్పుడేమంటారు?"

సభంతా బల్లలు చరిచింది. ఉందామన్న ఆవిడ ఈసారి లేవలేదు. ఓటు కార్తీక పౌర్ణమికి ముందేనట. సైరా ఎజె నా మొహం చూసి పని గట్టెక్కిందని గ్రహించి, పిండి తీసి తీపి రొట్టె కాల్చింది.

సాయంత్రం ఐజాన్‌తో చెప్పాలని కూర్చున్నాను. లైను తెరుచుకుంది. "ఉండు వదినా, ఇప్పుడే టీ పోసింది మీ అత్త. కొయ్య చూసొచ్చి తాగుతా" అని వెళ్ళింది. నేను ఏదో కూనిరాగం తీసుకుంటున్నాను. అది పూర్తి కాకముందే వచ్చేసింది.

"నాలుగు జానలు. అబ్బ, టీ ఇంకా కాలతానే ఉంది."

"పరిగెత్తావా ఏంటి?"

"పరిగెత్తేదేంది, కోళ్ళగూడు పక్కనేగా."

తర్వాత ఏవో కబుర్లు చెప్పింది. నాకు ఒక్కటీ ఎక్కలేదు. మా ఊళ్ళో సముద్రం కొలిచే కొయ్య నాటిన రోజు నేనక్కడే ఉన్నాను. పడవలు కట్టే రేవు దగ్గర, నీటిలో. పొయ్యి మీద ఎసరు పెట్టి అక్కడికి వెళ్ళొస్తే అన్నం ఉడికిపోయేది. అది కోళ్ళగూడు పక్కకి ఎప్పుడొచ్చింది?


కార్తీక విదియ

రెండు రోజులు నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. కోళ్ళగూడే రేవుకి పోయిందేమో అనుకున్నాను. ఇవాళ ఉండబట్టలేక అడిగేశాను.

"ఐజాన్, కొయ్య ఎక్కడుంది?"

"చెప్పాగా వదినా, గూడు పక్కన. ఏటా పోట్లు తగ్గినాక ఊళ్ళో అన్నీ ఎనక్కి జరుపుతారు కదా. వలలారేసే గుంజలు, కొట్టాం, గూడు. వాటితో పాటే కొయ్యనీ. మా దగ్గరా కొయ్య కదిలిద్ది కదా."

"మరి రాయి?"

"ఏం రాయి?"

"మీ దగ్గర కొయ్య కదిలితే రాయి నుంచి కొలుస్తాం. ఇక్కడ రాయేది?"

"రాయి ఎవరో పెద్దోళ్ళు చూసుకుంటన్నారనుకున్నా వదినా" అంది ఐజాన్. "లంకలో రాయి లేదు కదా... నేనెప్పుడూ అడగలేదు."

నాకు విషయం అర్థమైంది. నీళ్ళు ముందుకొస్తుంటే కొయ్య వెనక్కి జరుగుతోంది. ఏటా అదే లోతు, అవే నాలుగు జానలు. మడలంకలో ప్రతి మనిషికీ సముద్రం వస్తోందని తెలుసు. ఆ కొయ్యకి తప్ప. సభవాళ్ళు మనుషుల్ని అడగలేదు, కొయ్యని అడిగారు.

"మా రుబ్బురోలు ఎక్కడుంది?" అని అడిగాను.

ఈసారి మోపిదేవి నియమం సంగతి మర్చిపోయి దగ్గరికొచ్చి మాట్లాడాడు.

"ఉన్న చోటే ఉంది నాంచారీ. ఇల్లు జరిపాం. రెండుసార్లు. స్తంభాలు పీకి, తాటాకు విప్పి, మళ్ళీ కట్టాం. రోలు అడుగు బురదలో దిగిపోయింది, నలుగురం లాగినా రాలా. వదిలేశాం."

"నాకెందుకు చెప్పలా?"

"చెప్తే ఏడుత్తావని."

"కొయ్య జరిపిందెవరు?"

"నేనే. మొదటేడు ఈ ఐజాన్ బురదలో పడి కాలు బెణికిచ్చుకుంది. ఆడపడుచు అనుకున్నాక దాని కాలికి బురద అంటనిత్తామా? అయినా..." గొంతు సవరించుకున్నాడు. "ఇక్కడ మనం దానికి దారి చేత్తే, అక్కడ నీకెవరన్నా దారి చేత్తారుగా అనుకున్నా."

కోప్పడదామని నోరు తెరిచాను. కానీ నేనూ పొద్దున సైరా ఎజె తొక్కిన దారిలోనే నడిచి వచ్చాను.


కార్తీక పంచమి

సాక్షి కొలత సరిదిద్దాలంటే ఇద్దరు సాక్షులూ ఒకే లైనులో ఒకే మాట చెప్పాలి. ఒక్క నోటి మాట చెల్లదు. ఐజాన్ చెప్పడానికి సిద్ధంగా ఉంది. తన పరువు పోతుందని తెలిసీ సిద్ధంగా ఉంది. కానీ నన్ను తొందరపెట్టలేదు.

"సముద్రం మీది, ఇల్లు మీది. నువ్వు వద్దంటే నేనూ మాట్లాడను వదినా. నేనూ ఇంటికి పోతా. నా మంచు దగ్గర కూర్చుంటా, ఉన్నన్నాళ్ళు."

మోపిదేవి మాత్రం తేల్చి చెప్పేశాడు. "చెప్పమాక. ముందు నువ్వొచ్చెయ్. మిగతాది తర్వాత చూసుకుందాం. నీళ్ళొత్తే జరుగుతాం, మనకి కొత్తా?"

ఎంత తేలిక! నోరు మూసుకుంటే చాలు, ఎండాకాలానికి వాకిట్లో ఉంటాను. ఈ రెండు రోజులూ నోరు మూసుకునే ఉన్నాను. మంచు దగ్గరికి వెళ్ళాను, కొలిచాను, వచ్చాను. సైరా ఎజె నాకోసం ప్రయాణానికి ఉన్ని దుప్పటి మొదలుపెట్టింది. అంచుకి చేప బొమ్మ కుడుతోంది. చేపని ఎప్పుడూ చూడలేదేమో, దానికి కాళ్ళు పెట్టింది.

ఇవాళ ఆవిడకి అంతా చెప్పేశాను. సూది ఆపి మంచు వైపు చూసింది.

"ఇన్నేళ్ళూ ఈ నీళ్ళన్నీ ఎక్కడికి పోతాయా అనుకునేదాన్ని" అంది. "మీ వాకిట్లోకా?"

తన గొర్రెలు మా చేలో పడి మేసినట్టు తలదించుకుంది. మా వాకిట్లోకి వచ్చింది సరిగ్గా ఈ కొండ నీళ్ళే కాదు ఎజె, అన్ని కొండలవీ అని చెప్పబోయాను. ఏం చెప్పినా ఆవిడ తల ఎత్తలేదు.

సాయంత్రం లైనులో అంకాలు దొరికింది. గొప్పలు పోయింది. "అమ్మా, ఈసారి ఇల్లు జరిపేటప్పుడు కోళ్ళగూడు నేనే మోశా! నాన్న అట్టా పట్టుకున్నాడంతే."

"అబ్బో! మళ్ళీ ఏడు కూడా మోస్తావా?"

"మళ్ళీ ఏడు జరపరంటమ్మా. ఎనక ఇంక కరకట్టే. జరపటానికి చోటు లేదంట."

చాలా మామూలుగా చెప్పింది. పలక పగిలిందని చెప్పినట్టు చెప్పింది.

లైను మూసుకున్నాక చాలాసేపు అక్కడే కూర్చున్నాను. నాకు ఇంటికి వెళ్ళాలని ఉంది. నా ఒళ్ళంతా అదే అడుగుతోంది. ఎవరైనా ఇప్పుడు గుర్రం తెచ్చి ఎక్కమంటే చెప్పులు కూడా వేసుకోను. కానీ నేను తలుచుకుంటున్న వాకిలి నీళ్ళలో ఉంది. ఇప్పుడున్న వాకిలి వెనక చోటు లేదు. నోరు మూసుకుని నేను చేరుకునే ఇంట్లోకి, నా కూతురు పెద్దదయ్యేలోపు అదే సముద్రం వస్తుంది. అప్పుడది నన్ను అడుగుతుంది, అమ్మా నీకు తెలుసా అని.


కార్తీక నవమి

చెప్పేశాం. ఐజాన్ ఒక మాట, నేను ఒక మాట, పెళ్ళి ప్రమాణాల్లాగా. సభ మొత్తం విన్నది.

మార్తాండరావు గారు చాలా మర్యాదగా అడిగారు. "అమ్మా నాంచారి గారూ, మీరు పరాయి దేశంలో ఉండిపోవాలని ఇలా అంటున్నారా?"

ఇంతసేపూ ధైర్యంగా మాట్లాడిన దాన్ని, ఆ ప్రశ్నకి ఏడ్చేశాను. "అయ్యా, మీరు గెలిస్తే నేను ఇంటికి వస్తాను. మీరు గెలవాలని దణ్ణాలు పెట్టుకున్నదాన్ని. కొయ్య జరిగింది. అంతకంటే నాకేం తెలియదు" అన్నాను.

ఆయన కూర్చున్నారు. అక్కడ పెద్ద గోల. మడలంక వాళ్ళందరినీ జైల్లో పెట్టాలని ఒకరు, ఐజాన్‌ని పంపించెయ్యాలని ఒకరు. ఎవరు ఎవరిని తిడుతున్నారో సైరా ఎజెకి కూడా అంతు చిక్కలేదు. సాయంత్రానికి నిర్ణయం చెప్పారు. ఓటు ఆపారు. కదలని రాయి ఒకటి చూసి, అక్కడి నుంచి మళ్ళీ మొదటి నుంచి కొలవాలి. కొలత ఒక కొలిక్కి వచ్చేదాకా సాక్షులు మారడానికి వీల్లేదు. మొదటి కొలత కార్తీక పౌర్ణమి పోటుకి, లైను తెరిచి ఉంచి, సభ వింటుండగా.

మడలంకలో రాయి ఎక్కడుందని అడిగారు. రుబ్బురోలు ఉందని చెప్పాను.

మోపిదేవి లైనులోకి రాలేదు. మూడు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదని, పడవ అడుగున తారు పూస్తూ కూర్చుంటున్నాడని ఐజాన్ చెప్పింది. పూసిన చోటే పూస్తున్నాడట.


కార్తీక పౌర్ణమి

పొద్దున మంచు కొలవడం ముందే ముగించుకుని వచ్చి కూర్చున్నాను. లైనులో తెడ్డు చప్పుడు వినపడింది. మోపిదేవి తెడ్డు చప్పుడు వెయ్యింటిలో ఉన్నా పట్టేస్తాను.

"మీ ఆడపడుచుని పడవలో తీసుకుపోతన్నా" అన్నాడు, అన్ని రోజుల తర్వాత. "కాలికి బురద అంటకుండానే కొలిపిత్తాలే."

అంతే అన్నాడు. నాకది చాలు.

దడి ఉండే చోటు దాటామంది ఐజాన్. మా పాత వాకిలి మీదుగా పడవ పోతోందన్న మాట. వెనక అంకాలు, నేనూ దిగుతా నేనూ దిగుతా అని పేచీ. సభలో ఎవరో దగ్గి, పిల్లని పక్కకి తీసుకెళ్ళండమ్మా అన్నారు. ఎవరూ పట్టించుకోలేదు. బుడుంగున చప్పుడయింది.

"పట్టుకున్నాలే, పడదు" అన్నాడు మోపిదేవి.

"అమ్మా!" అంకాలు గొంతు. "నీ రోలు దొరికింది! కాలితో తడిమా. చల్లగా ఉంది. గుంటలో పీత ఉందమ్మా, నా కాలు పట్టుకుంటంది!"

"లోతెంత?" అని అడిగారు సభలోంచి.

కొయ్య దింపుతున్న ఐజాన్ కంటే అంకాలే ముందు చెప్పేసింది. "నా నడుం దాకా!"

నవ్వులు వినపడ్డాయి. నేను నవ్వలేకపోయాను. దాని నడుమంటే ఎంతో నాకు తెలియలేదు. నా చేత్తో గాలిలో ఎత్తు చూపించుకున్నాను. చెయ్యి నాలుగేళ్ళ పిల్ల దగ్గరే ఆగిపోయింది.

"మూడు జానలు" అంది ఐజాన్. "రోలు పక్కన, నేల మీద, మూడు జానలు. రెండో సాక్షి విన్నదా?"

"విన్నాను. మూడు జానలు" అన్నాను.

సభవాళ్ళు రాసుకున్నారు. మార్తాండరావు గారు లేచి బయటికి వెళ్ళారని తర్వాత రేడియోలో చెప్పారు. లైను మూసే ముందు, సభ ఇంకా వింటుండగానే, ఐజాన్‌ని పిలిచాను.

"ఆ కొయ్యతోనే ఇంకొకటి కొలిచి పెడతావా?"

ఏమిటని అడగలేదు. నీళ్ళ చప్పుడు, అంకాలు కిలకిలా నవ్వడం, తిన్నగా నిలబడవే అని మోపిదేవి కసరడం వినపడ్డాయి.

"ఐదు జానల మీద రెండు వేళ్ళు, వదినా."

సాక్షి పట్టీలో సముద్రం మూడు జానలని రాశాను. ఇక్కడ ఇది రాసుకుంటున్నాను: అంకాలు ఐదు జానల మీద రెండు వేళ్ళు. తర్వాత బొగ్గు తీసుకుని ఐజాన్ ఇంటి గుంజ మీద, నేల నుంచి జానలు వేసుకుంటూ పైకి వెళ్ళి, ఆ ఎత్తున ఒక గీత గీశాను. నేననుకున్న దానికంటే చాలా పైన వచ్చింది. సైరా ఎజె వచ్చి అదేమిటని అడిగితే, మా అమ్మాయి అని చెప్పాను. ఆవిడ గీత పక్కన నిలబడి, అక్కడో తల ఉన్నట్టు నిమిరింది.